కట్టెడివారి బడి: ఇజ్జత్‌నగరు న్యాక్ పాతికేండ్ల కథ

ప్రభుత్వపు పని చేసిన కాంట్రాక్టరు బిల్లును ఎన్నడైనను చేతబట్టి చూచినవారికి, దాని అడుగున నుండు తగ్గింపుల పట్టికలో ఆదాయపు పన్ను, సీనరేజి, కార్మిక సెస్సు మొదలైన పద్దుల నడుమ ‘న్యాక్’ అను పొట్టిపద్దు ఒకటి కనబడును. నూరు రూపాయల పనికి పైసలలో లెక్కింపదగిన ఆ మొత్తమును కాంట్రాక్టరు గొణుగుచునే వదలుకొనును. గుమాస్తా అలవాటుకొద్ది వ్రాసి పక్కన పెట్టును. ఏ పల్లెదారిమీదనో కల్వర్టు కట్టినప్పుడును, ఏ తాలూకా ఊరిలోనో ఆసుపత్రి లేపినప్పుడును ఇట్లు చేరిన పైసలే హైదరాబాదు పడమటి అంచున, కొండాపూరు చెంతనున్న ఇజ్జత్‌నగరులో ఒక బడిని నిలబెట్టినవి. ప్రత్యేక సంచికలలో సంస్థాచరిత్రమును శంకుస్థాపన ఫలకముతో ఆరంభించుట ఆచారమేయైనను, ఈ సంస్థ విషయమున బిల్లుతో ఆరంభించుటయే న్యాయమని నాకు తోచుచున్నది; ఏలయన, శిలాఫలకములకు ఈ నగరమున కొదవలేదుగాని, తనకు కావలసిన పనివానిని తయారుచేసికొను ఖర్చును తానే భరింపవలెనని ఒక పరిశ్రమ ఒప్పుకొనుట మన దేశమున మిక్కిలి అరుదు.

నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ అను పూర్తిపేరు కాగితములకే పరిమితమై, జనుల నోట న్యాక్‌గానే నిలిచిన ఈ సంస్థను 1998లో, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును నిర్మాణ పరిశ్రమయును కలిసి సొసైటీగా నెలకొల్పినవి. ఆ యేడే నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. ఆ యేడే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐ.టి. వెలసినది. ప్రోగ్రాములు వ్రాయువారికి చదువొకచోట, వారు కూర్చుండి వ్రాయుటకు మేడ యొకచోట, అట్టి మేడలను కట్టువారికి బడి మరియొకచోట, మూడును ఒకే సంవత్సరమున, ఒకదానికొకటి నాలుగైదు మైళ్ళలోపున పుట్టినవి. లోకము చూపు మొదటి రెంటిమీదనే నిలిచినదనుటలో వింతలేదు. గుండ్రని సైబర్ టవర్స్ బొమ్మ ఆ తరువాతి యేండ్లలో క్యాలెండర్లకును పాఠ్యపుస్తకముల అట్టలకును ఎక్కినదిగాని, ఆ మేడకు సెంట్రింగు కొట్టినవారెవరు, కడ్డీలు కట్టినవారెవరు, వారెక్కడనుండి వచ్చిరి అని అడిగినవారు తక్కువ.

ఎక్కడనుండి వచ్చిరన్న ప్రశ్నకు తెలుగునాట ప్రసిద్ధమైన జవాబు ఒకటి కలదు. కృష్ణా తుంగభద్రలు రెండును పారుచున్నను పొలములకు నీరందక, యేటేటా ఊరు విడిచిపోవుటయే జీవనమైన పాలమూరు జిల్లా కూలీలు, దేశమున ఆనకట్ట ఎక్కడ లేచినను అక్కడ కనబడిరి; ‘పాలమూరు లేబరు’ అనునది ఒక జిల్లావారి పేరుగా గాక ఒక శ్రమజాతికే పేరుగా మారిపోయినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు ఆనకట్ట, లోకమున రాతికట్టుతో లేచిన ఆనకట్టలలోకెల్ల పెద్దదని ఇంజనీర్లు చెప్పుకొందురు. యంత్రములకన్న మనుష్యుల చేతులమీదనే ఎక్కువగా లేచిన ఆ కట్టడము వేలకొలది కూలీలకు బడికాని బడియైనది. అక్కడ తట్టమోతతో మొదలుపెట్టి రాయి పేర్చుట నేర్చినవాడు మేస్త్రీ యయ్యెను. నేర్వనివాడు ముసలితనము వరకు తట్టమోతగాడుగానే మిగిలెను. నేర్పుటకు ఎవరికిని బాధ్యత లేదు. నేర్చినదానికి ఋజువుగా చేత కాగితము లేదు.

ఈ వ్యవస్థకు మూలస్తంభము గుంపు మేస్త్రీ. వానకాలము ముగిసి ఇంట గింజలు అడుగంటిన వేళ అతడు ఊరికి వచ్చి, పెండ్లికో వైద్యమునకో అక్కరపడిన కుటుంబమునకు అడ్వాన్సు చేతబెట్టును. ఆ బాకీ తీరువరకు మగడు, ఆలు, ఎదిగిన పిల్లలు అతని గుంపుతో ఏ రాష్ట్రమున కైనను పోయి పనిచేయవలెను. లెక్క అతని పుస్తకములో నుండును. కూలి అతని చేతిమీదుగా వచ్చును. సీజను ముగిసి ఇల్లు చేరునప్పటికి బాకీలో కొంత మిగిలియే యుండును. ఆర్థిక స్వావలంబన మనుమాట సభలలో తేలికగా దొర్లునుగాని, ఈ కుటుంబము విషయమున దాని అర్థము ఒక్కటే: వచ్చే యేడు అడ్వాన్సు పట్టకుండ నిలబడగలుగుట. న్యాక్ పాతికేండ్ల చరిత్రమును కొలుచుటకు, ఎందరికి సర్టిఫికెట్లిచ్చిరన్న లెక్కకన్న ఇదియే సరియైన కొలత యని నా అభిప్రాయము.

ఇక ఆ బడిలో జరుగు చదువు. తాపీపని, కడ్డీపని, వడ్రంగము, విద్యుత్తు వైరింగు, ప్లంబింగు, రంగులు వేయుట, వెల్డింగు, భూమి కొలత మొదలైన విద్యలు ఇందు నేర్పుదురు. ప్రభుత్వశాఖల ఇంజనీర్లకును శిక్షణలు జరుగును. ఇంజనీరు చదువు పుస్తకములలో దొరకునుగాని, తాపీవాని చదువు చూచితీరవలసినది. ఇటుకను గోడకెక్కించుటకు ముందు నీట నానబెట్టవలెనని పల్లెమేస్త్రీకిని తెలియును; ఏలయని అడిగిన ‘పెద్దలు చెప్పిరి’ అనును. పొడి యిటుక సిమెంటు మాలులోని నీటిని తానే పీల్చివేయుటచే ఆ మాలు పట్టుకట్టక పొడిబారునని ఇక్కడ మొదటి వారములోనే చెప్పుదురు. ఆపైన గోడమూలలను ముందు లేపి, మూలనుండి మూలకు దారము లాగి, ఆ దారము వెంట వరుసలు నడుపుట; ప్రతి కొన్ని వరుసలకు తూకపుగుండు వేలాడదీసి నిలువు చూచుట; నీళ్ళగొట్టముతో ఈ చివరి మట్టమును ఆ చివరికి తీసికొనిపోవుట; మూలమట్టముతో మూల సరిచూచుట, ఇవియన్నియు చేతికి రావలెను. నేర్చువాడు కట్టిన గోడ నిలుచుటకు కట్టినది కాదు. తూకము చూచి, తప్పు చూపి, విప్పి, అవే యిటుకలతో మరల కట్టించుట శిక్షణలో భాగము. పనిచోట ఇట్లు విప్పుట నష్టము, బడిలో విప్పుట పాఠము.

కడ్డీపని మరింత సూక్ష్మము. స్తంభపు నిలువు కడ్డీలను చుట్టి పట్టియుంచు రింగుల కొనలను, అలవాటు పడిన పనివాడు తొంబది డిగ్రీలకు వంచి ఊరకుండును. వంచుట సులువు, పని వడి. భూకంపమునకు తట్టుకొనవలసిన కట్టడములలో ఆ కొనను 135 డిగ్రీలకు లోపలికి వంచి కాంక్రీటు నడిగర్భమున నాటవలెనని నియమము. లేనిచో కదలిక వచ్చినప్పుడు పైపొర రాలి, రింగు విప్పుకొని, నిలువు కడ్డీలు ఉబ్బి బయటికి వచ్చును. 2001 జనవరి 26న భుజ్ భూకంపమున కూలిన మేడల గుట్టలలో ఇంజనీర్లు ఈ లోపమును చూచిరి. నలుబదియైదు డిగ్రీల ఆ అదనపు వంపు డ్రాయింగులో గీయుట ఇంజనీరు చేతిలోనిదైనను, కడ్డీని నిజముగా వంచు చేయి బడికెళ్ళని కుఱ్ఱవానిది. స్లాబు అడుగున కడ్డీకిని సెంట్రింగు పలకకును నడుమ కవరు బ్లాకు పెట్టుట మరచినవాడును వాడే. పదేండ్ల పిదప ఆ యింటి కప్పు పెచ్చులూడి తుప్పుపట్టిన కడ్డీ బయటపడునప్పుడు తిట్టు తినువాడు మాత్రము వాడు కాడు.

ఇంతవరకు విద్య. ఇక దానిని నేర్చుటకు వచ్చువాని సంగతి చెప్పవలెను. సంస్థ చరిత్రలో అతి విలువైన పాఠము అక్కడనే కలదు. శిక్షణ ఉచితమని ప్రకటించినంతమాత్రమున పేదవాని పిల్లవాడు వచ్చి కూర్చుండడు. మూడు నెలల శిక్షణ యనగా మూడు నెలల కూలి పోవుట. కూలీల అడ్డామీద నిలిచిన దినమున సాయంకాలమునకు ఎంతో కొంత కూలి ఇంటికి చేరుచున్న కుటుంబమునకు, ఫీజు లేకపోవుట పెద్ద ఊరట కాదు; చేరవలసిన ఆ కూలి చేరకపోవుటయే అసలు ఫీజు. వానికి ఇక్కడ భోజనము, పడక ఉన్నను, ఊరిలో తల్లికి దుకాణపు బాకీ పెరుగుచునే యుండును. కావుననే వసతితో కూడిన శిక్షణ, నేర్చుకాలమున చేతికి కొంత భత్యము, పని దొరికిన తరువాత మొదటి నెలలు నగరమున నిలదొక్కుకొనుటకు కొంత సాయము, ఇవి అలంకారములు కావు, శిక్షణకు పునాదిరాళ్ళు. ఉమ్మడి రాష్ట్రమున గ్రామీణాభివృద్ధి శాఖ క్రింద 2005లో ఏర్పడిన ఉపాధికల్పన, మార్కెటింగు మిషన్ ఈ సత్యమును బాగుగా గుర్తించినది. 2014 సెప్టెంబరు 25న కేంద్రము మొదలుపెట్టిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో వసతి, ఉద్యోగము వచ్చిన తరువాతి ఆసరా అనునవి నియమములుగానే చేరినవి.

హైదరాబాదున ఈ దారి తొక్కినది న్యాక్ ఒక్కటే కాదు. జంటనగరముల నిరుద్యోగులకు చేతిపనులు నేర్పుటకు 1978లో సెట్విన్ అను సంస్థ పుట్టినది. పాతబస్తీ ఇరుకు వీథులలో తిరిగిన దాని చిన్నబస్సులనే జనులు ఎక్కువగా గుర్తుంచుకొనిరనుట దాని యదృష్టమో దురదృష్టమో చెప్పలేము. 1996లో కల్లం అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషను మరియొక మార్గము పట్టినది. 1990ల చివర అది నడుపసాగిన ల్యాబ్స్ అను శిక్షణలో, ముందు ఊరి సంతను పరిశీలించి, ఏ దుకాణమున ఏ హోటలున ఏ కార్యాలయమున ఎటువంటి పనివారు కావలయునో తెలిసికొని, ఆపైననే ఆ పనికి తగిన కుఱ్ఱవారిని చేర్చుకొనెడివారు. చాలచోట్ల ముందు యంత్రములు కొని, బోర్డు కట్టి, తరగతి నిండించి, చివర ఉద్యోగము వెదకుట రివాజు. ఇక్కడ ఆ వరుస తలక్రిందులైనది. కొంచెము ఇంగ్లీషు, కొంచెము కంప్యూటరు, వచ్చినవారితో మాటాడు తీరు నేర్చి, హైటెక్ సిటీ చుట్టుపట్ల లేచిన హోటళ్ళు, సూపరుబజారులు, కాల్‌సెంటర్లలో కుదురుకొన్న పల్లెపిల్లలకు ఇటువంటి శిక్షణలే తొలిమెట్టు. ఐ.టి. వీథి యనగా ల్యాప్‌టాపు సంచి వీపున వేసికొన్నవారి వీథి మాత్రమే యని తలచువారు, ఉదయము ఏడుగంటలకు రాయదుర్గము మెట్రో మెట్లు దిగుచున్నవారిలో హౌస్‌కీపింగు, సెక్యూరిటీ, క్యాంటీను యూనిఫారములు ఎన్ని కనబడునో ఒకమారు చూడవలెను.

పరిశ్రమయే శిక్షణకు పైకము పెట్టు పద్ధతి లోకమునకు కొత్త కాదు. బ్రెజిలులో 1942లో ఏర్పడిన సెనాయ్ అను సంస్థ, కర్మాగారముల జీతపు మొత్తముపై విధించిన చందాతో దేశమంతట పనివారి బడులు నడుపుచున్నది. బ్రిటనులో 1964 నాటి చట్టముక్రింద ఏర్పడిన నిర్మాణశిక్షణ బోర్డు కంపెనీలనుండి లెవీ వసూలుచేసి, శిక్షణ ఇచ్చినవారికి అందుండియే గ్రాంటు ఇచ్చును. మన న్యాక్ పద్దు ఆ కోవకు చెందినదే యైనను ఒక తేడా కలదు. ఆ పద్దు ప్రభుత్వపు పనుల బిల్లులకు తగులును. న్యాక్ ప్రాంగణపు గోడమీదనుండి ఏ దిక్కు చూచినను కనబడు నలుబది యంతస్తుల అద్దపు మేడలు మాత్రము ప్రైవేటువారివి. వారు కట్టునది 1996 నాటి చట్టముతో వచ్చిన, నిర్మాణపు ఖర్చులో నూటికొక రూపాయి చొప్పున సంక్షేమపు సెస్సు. అది కార్మిక సంక్షేమ బోర్డుకు చేరి, ప్రమాదమున పోయినవాని కుటుంబమునకును, ప్రసూతికిని, పెండ్లికిని సాయముగా వెళ్ళును. మంచిదే. అయినను బోర్డులో పేరు నమోదుకు గడచిన యేడాదిలో తొంబది దినములు పనిచేసినట్లు ఋజువు కావలెను. ఈ మేడనుండి ఆ మేడకు, ఈ మేస్త్రీనుండి ఆ మేస్త్రీకి మారు కూలీ ఆ ఋజువును ఎవరినుండి తెచ్చును? సంతకము పెట్టవలసినవాడు సబ్‌కాంట్రాక్టరుకు సబ్‌కాంట్రాక్టరు. వాని ఫోను నంబరు తప్ప చిరునామా కూలీకి తెలియదు.

సర్టిఫికెట్టు సంగతియు ఇట్టిదే. కాగితము చేతికి వచ్చినంతనే కూలి పెరుగునని ఆశించి వచ్చినవానికి, సైటులో మొదటి దినముననే నిజము తెలియును: కాంట్రాక్టరు కాగితము చూడడు, గంటసేపు గోడ కట్టించి చూచును. ఇందులో అన్యాయము లేదు. అన్యాయమెక్కడనగా, చేయి బాగున్నదని తేలిన తరువాతను, అతనిని గుంపులో ఒకనిగానే లెక్కగట్టి గుంపురేటే ఇచ్చుట. బడిలో నేర్చిన ప్లంబరు, ఎలక్ట్రీషియనుల దారి కొంత నయము. అపార్టుమెంట్లు నిండిన కొండాపూరు, మణికొండ, నల్లగండ్ల ప్రాంతములలో ఒక్కడే సంచి పట్టుకొని ఇల్లిల్లు తిరిగి బ్రతుకగలడు, మూడేండ్లలో ఒక సెకండుహ్యాండు బండియు ఇద్దరు శిష్యులును సంపాదింపగలడు. తాపీవానికి అట్లు ఒంటరిగా బ్రతుకుట కష్టము, వానికి గుంపు కావలెను; గుంపు కావలెననగా గుంపు మేస్త్రీ కావలెను. కాబట్టి తాపీ నేర్పినవారు, కొలతలు వేసి అంచనా కట్టుటయు, చదరపు అడుగున కింత యని బేరము చేయుటయు, లెక్క వ్రాయుటయు నేర్పి, వానినే చిన్న గుత్తేదారుగా నిలబెట్టినప్పుడే అడ్వాన్సు గొలుసు తెగునని నేను నమ్ముచున్నాను.

మరియొక మార్పును ఈ పాతికేండ్లలో ఎవరును ముందుగా ఊహింపలేదు. న్యాక్ పుట్టిననాడు పరంజాలమీద వినబడినది పాలమూరు యాస, శ్రీకాకుళపు యాస; నేడు ఒడియా, భోజ్‌పురి, బెంగాలీ. తాపీమేస్త్రీ తన కొడుకు తాపీ పట్టుటకు ఇష్టపడడు, వానిని పాలిటెక్నిక్కుకో డిగ్రీకో పంపును. అది ఓటమి యనుకొనువారితో నేను ఏకీభవింపను. ఆ ఖాళీలోనికి తూర్పు రాష్ట్రముల కుఱ్ఱవారు వచ్చిరి. వారెందరున్నారో నగరమునకు తెలియవచ్చినది 2020 లాక్‌డౌనులో. ఐ.టి. వీథికి చేరువనున్న లింగంపల్లి స్టేషనునుండి, సరిగా మే ఒకటవ తేదీన, దేశమున మొట్టమొదటి శ్రామిక రైలు సుమారు 1,200 మంది కూలీలతో జార్ఖండులోని హటియాకు బయలుదేరినది. అందు పెక్కురు సంగారెడ్డి వైపు ఐ.ఐ.టి. నిర్మాణమున పనిచేయుచున్నవారు. వారు, వారివంటివారు తరువాత మరల వచ్చిరి, రాక గతిలేదు. వారికి నేర్పవలసిన భారము ఎవరిది, వారి రాష్ట్రముదా మనదా, యను తగవు తీరకుండగనే మేడలు లేచుచున్నవి. మేడ మనదైనప్పుడు భారమును మనదే యనుట నా పక్షము. తెలుగులో మాత్రమే పాఠము చెప్పు గురువుతో ఇక పని నడువదు.

చివరగా స్త్రీల మాట. నిర్మాణపు పనిలో ఆమె లేని సైటు లేదు. మేస్త్రీగా ఆమె ఉన్న సైటు దాదాపు లేదు. ఇసుక జల్లించుట, మాలు కలుపుట, ఇటుకలు అందించుట, నీళ్ళు పట్టుట, ఇరువదేండ్లు ఇవే చేసినను ఆమె కూలి హెల్పరు కూలియే. చేతకాకనా? జార్ఖండు పల్లెలలో మరుగుదొడ్ల నిర్మాణము ఉద్యమముగా సాగిన దినములలో, మేస్త్రీలు చాలక స్వయంసహాయక సంఘముల స్త్రీలకు తాపీ నేర్పగా, ‘రాణీ మిస్త్రీ’లని పేరుపొంది వారు వేలకొలది కట్టడములు పూర్తిచేసిరి, కేరళలో కొట్టాయము చెంతనున్న అర్చనా మహిళా కేంద్రము స్త్రీలను తాపీవారిగా, వడ్రంగులుగా తీర్చుచున్నది. పొదుపుసంఘములలో దేశమునకే దారిచూపిన తెలుగు స్త్రీకి ఇది అసాధ్యమని ఎవరనగలరు? సభలలో వక్తలు ఈ విషయమై ఆవేశముగా మాటాడుదురు, చప్పట్లును మ్రోగును. అడ్డంకి మాత్రము మిక్కిలి చిన్నది, మిక్కిలి మొండిది. ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్లలోపు బిడ్డలకు ప్రత్యేకముగా గది యుండవలెనని 1996 నాటి నిర్మాణ కార్మిక చట్టము చెప్పినది. చిన్న సైటులకు ఆ నియమము తగులలేదు, శిక్షణాలయమునకు దాని ఊసే లేదు. మూడు నెలలు ఊరు విడిచి తాపీ నేర్వవచ్చు తల్లి చంటిబిడ్డను ఎవరికి అప్పగించి రావలెను? ఇజ్జత్‌నగరున స్థలమునకు కరవులేదు, గోడలు కట్టువారికి అసలే కరవులేదు. తదుపరి బ్యాచి విద్యార్థులచేతనే, విప్పుటకుగాక నిలుచుటకు, ఒక పెద్దగది కట్టించి, ఇద్దరు ఆయాలను పెట్టి, ముప్పదిమంది స్త్రీల తాపీ బ్యాచికి దరఖాస్తులు పిలిచినచో, వచ్చువారెందరో ఆ నెలలోనే తేలిపోవును.